కందిపుట్టు గెలాక్సీ

పెదబయలుకు ఎగువన కొండల మధ్య ఉన్న కందిపుట్టు గ్రామానికి 1998 జూన్‌లో అఖిల భారత గుర్తింపు లభించింది. ఆ ఊళ్లో కరెంటు లేదు, ఫోను లేదు, మోటారు లేదు, వాటిని మోసుకొచ్చే రోడ్డూ లేదు. ఇంత సంపూర్ణంగా ఏమీ లేని ఊరు మరొకటి దొరకడం కష్టమని శాస్త్రవేత్తలు మూడేళ్లు గాలించి తేల్చారు. సుదూర గెలాక్సీల నుంచి వచ్చే సన్నటి రేడియో తరంగాలను పట్టుకోవాలంటే చుట్టుపక్కల ఏ యంత్రమూ తిరగకూడదట. యాభై ఏళ్లుగా ప్రభుత్వాలు పట్టుదలతో చేసిన కృషి వల్లనే ఈ నిశ్శబ్దం సాధ్యమైందని, అక్కడ పెట్టిన పరిశోధన కేంద్రం ప్రారంభోత్సవంలో ఒక పెద్దాయన సెలవిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊరి తెరిసమ్మ కూడా కొట్టింది గానీ, ఆమె కుడి భుజం పూర్తిగా లేవలేదు.

ఆ భుజం సంగతి చెప్పాలి. పాతికేళ్లు మిషన్ హాస్టల్లో వంట చేస్తూ రుబ్బురోలు తిప్పిన భుజం అది. సాలూరులో నర్సుగా ఉన్న చెల్లెలు సుజానా చూడలేక ఒక మిక్సీ కొనిచ్చింది. ఊరికి కరెంటు కావాలని పదకొండేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నారు గనుక, ఇవాళో రేపో రాకపోదని తెరిసమ్మ దాన్ని అట్టపెట్టెలోనే ఉంచి, గుడ్డ కప్పి, పైన యేసుప్రభువు పటం పెట్టింది. నిజంగానే ఆ ఏడాది కరెంటు స్తంభాలు కిందిగూడెం దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే కందిపుట్టును నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. స్తంభాలు ఎక్కడివక్కడే నిలబడిపోయాయి.

"ఆకాసం మాటలు ఆలు ఇనడానికి మనం సీకట్లో కూకోవాలేటి?" అని ఊరిపెద్ద సుక్రు అడిగించాడు. ఇది జాతీయ గౌరవమని రాతపూర్వకంగా జవాబొచ్చింది. కిరోసిన్ అయిపోవడంతో దాన్ని తెల్లారాక చదువుకున్నారు.

కేంద్రం డైరెక్టరు డాక్టర్ వరహాలరావు నిశ్శబ్దానికి ప్రాణమిచ్చే మనిషి. మండలంలో ఎవరూ ఏదీ తిప్పరాదని ఉత్తర్వు వేసి, తమ అతిథిగృహం వంటింటికి మాత్రం అత్యవసర సేవ కింద ఒక జనరేటరూ, ఒక మిక్సీ మంజూరు చేయించుకున్నాడు. రోటి పచ్చడిలో రాయి తగులుతుందేమోనని ఆయన భయం. వంటకు తెరిసమ్మను పెట్టుకున్నారు. అలా తన మిక్సీ దేవుడి పటం కింద నిద్రపోతుండగా ఆమె సర్కారు మిక్సీ తిప్పసాగింది.

ఇక పరిశోధన. వాళ్లు వెతికేవి మామూలు గెలాక్సీలు కావు. నడిమధ్యన చిన్న చోటులో ఏదో కూర్చుని, చుట్టూ ఉన్నదంతా మింగేస్తూ, లోకమంతా వినబడేలా గోల చేసే రకం. ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన సిబ్బందికి ఇది అర్థం కావడానికి అట్టే సమయం పట్టలేదు.

ఆగస్టులో అలాంటిది ఒకటి దొరికింది. రోజూ ఉదయం ఏడున్నరకు మూడు చిన్న కేకలు, ఒక పెద్ద కేక. చుక్కలన్నీ రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తుంటే, ఇది మాత్రం ఏడున్నర దాటదు, ఏడున్నరకు ముందు రాదు. భారతీయ కాలమానం పాటిస్తున్న మొట్టమొదటి గెలాక్సీ అని డైరెక్టరు ప్రకటించాడు. శుక్రవారం అది మోగదు. విశ్వానికీ వారానికో సెలవుందని వ్యాసం రాసి పంపాడు. శుక్రవారం తెరిసమ్మ సంతకు పోతుందన్న విషయం వ్యాసానికి తగినంత శాస్త్రీయంగా ఆయనకు తోచలేదు.

కాఫీ ఇవ్వడానికి వెళ్లిన తెరిసమ్మ గోడ మీది గీతల కాగితం ముందు ఆగింది.

"ఇదేటి నిర్మలమ్మా?"

"గెలాక్సీ గొంతు తెరిసమ్మా," అంది పరిశోధక విద్యార్థిని నిర్మల. "మూడు వందల కోట్ల ఏళ్ల కిందట బయల్దేరింది."

"కాదమ్మా, పొద్దున్నే బయల్దేరింది. ఈ మూడు మిట్టలూ మిరపకాయలు. ఈ పెద్దది కొబ్బరి. నిన్న కాయ ముదురు, అందుకే ఇంతసేపు తిరిగింది."

నిర్మల కాగితం వైపు చూసింది, వంటింటి వైపు చూసింది, నాలుగేళ్లుగా రాస్తున్న తన థీసిస్ వైపు చూసింది. చూపు అక్కడే ఉండిపోయింది.

తెరిసమ్మ డైరెక్టరుకూ చెప్పింది. ఆయన కోప్పడలేదు. "తెరిసమ్మా, పచ్చడి నీ రంగం, విశ్వం నా రంగం. ఎవరి రంగం వారు చూసుకుంటే దేశం ముందుకు పోతుంది."

"అలాగే బాబూ," అంది తెరిసమ్మ. మర్నాడు అతిథిగృహం వెనక ఉన్న రుబ్బురోలు కడిగి, భుజం నొప్పిని పంటిబిగువున ఓర్చుకుని, తన రంగంలోకి దిగింది.

గెలాక్సీ మాయమైంది. మొదటిరోజు యాంటెన్నాలు తుడిచారు. రెండోరోజు మబ్బులను తప్పుపట్టారు. మూడోరోజు, ఆ గెలాక్సీని కళ్లారా చూడడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. నాలుగోరోజు వరహాలరావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పచ్చడి రుచి మారినట్టుందే?"

"రోటిది బాబూ. రాయేటైనా తగిలిందా?"

"అబ్బే. మరి మిక్సీ ఏమైంది?"

"నిశ్శబ్ద మండలం కదా. ఉత్తర్వు మీరే ఏసినారు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వచ్చే బుధవారం పెద్దవాళ్లొస్తున్నారు. వాళ్లకు మిక్సీ పచ్చడి పెట్టకపోతే బాగుండదు."

"నా సెయ్యి పాడు సెయ్యి బాబూ. మా ఇంట్లో మిక్సీ తిరిగితే గానీ ఇక్కడ తిరగనంటంది. మా ఇంట్లో కరెంటు లేదు."

గెలాక్సీ అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కందిపుట్టు విద్యుదీకరణ ఒక సుదూర గెలాక్సీ మనుగడకు తక్షణ అవసరమని ఆ సాయంత్రమే లేఖ వెళ్లింది. మనుషులు ఉన్నారని రాసినప్పుడు పదకొండేళ్లు కదలని స్తంభాలు ఆరు రోజుల్లో ఊరు చేరాయి. మంగళవారం తెరిసమ్మ యేసుప్రభువు పటం పక్కన పెట్టి అట్టపెట్టె విప్పింది. బుధవారం ఏడున్నరకు గెలాక్సీ గొంతెత్తి అరిచింది. కమిటీ లేచి నిలబడి గౌరవించి, మళ్లీ కూర్చుని మరో రెండేసి ఇడ్లీలు వేయించుకుంది.

తర్వాత ఏడాదిలో కందిపుట్టు ఆకాశంలో ఇరవై మూడు కొత్త గెలాక్సీలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి సుక్రు ఇంటి టేపురికార్డరు. వరహాలరావు పదోన్నతి మీద ఢిల్లీ వెళ్లాడు. కొత్త డైరెక్టరుకు ఇక్కడి ఆకాశం మరీ ఇరుగ్గా తోచి, కేంద్రాన్ని ఎదుటి కొండ మీది కోనగూడకు మార్చాడు. ఏమీ లేని ఊరిగా కోనగూడకు గుర్తింపు లభించింది. అదే పెద్దాయన అదే ఉపన్యాసం ఇచ్చాడు.

ఆ మర్నాడే కోనగూడ ఆడవాళ్లు నలుగురు కొండ దిగి తెరిసమ్మ ఇంటికొచ్చారు.

"ఏటే, దరకాస్తు రాయించాలా? సుక్రు కాడ నమూనా ఉంది," అంది తెరిసమ్మ.

"దరకాస్తులు మా అత్తల కాడినుంచీ రాత్తన్నాం పిన్నీ," అని అందులో పెద్దావిడ కొంగుముడి విప్పింది. లోపల కొబ్బరికాయ ఉంది. "సట్నీ నేర్పు."