ఆకాశంలో నాలుగో అంతస్తు

ఆ రోజు ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి అత్తగారు హాస్పిటల్ నుంచి వస్తారు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కకూడదన్నారు. ఇల్లేమో నాలుగో అంతస్తు. కాబట్టి పదింటికల్లా లిఫ్టు నడవాలి.

లిఫ్టుకు పదిహేను రోజులుగా మెదడు లేదు. ముప్ఫై ఏళ్ళనాటి కంట్రోల్ కార్డు కాలిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ అంతకు ముందే కాలం చేసింది. "కొత్త లిఫ్టు పెట్టించుకోండి" అనేసి మెకానిక్ వెళ్ళిపోతే, ఆవిడ అల్లుడు, ఇంజనీరు, ముందుకొచ్చాడు. కార్డులోని పాత ప్రోగ్రాంను ఎలాగో బయటికి లాగాడు. పాత ప్రాసెసర్‌లా అచ్చుగుద్దినట్టు నటించే ఎమ్యులేటర్ ఒకటి రాసి, అరచేయంత కంప్యూటర్లో పెట్టాడు. తానింకా పాత కార్డులోనే ఉన్నానని ప్రోగ్రాంను నమ్మించాడు. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడైన రెండో అంతస్తు హెడ్మాస్టరు మీటింగులో అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు విన్నాక వెనక్కి తగ్గడం ఎవరి వల్లా కాదు.

ఒక్కటే చిక్కు. ఎమ్యులేటర్ నిమిషానికోసారి ఆగిపోతోంది. తెర మీద ప్రతిసారీ అదే ఫిర్యాదు: రాయకూడని చోట రాయబోయింది. మెమరీలో కొన్ని గదులు చదువుకోవడానికే, అక్కడ రాస్తే తప్పు. పాత ప్రోగ్రాం మాత్రం అక్కడే రాస్తానని మొండికేస్తోంది.

ఎందుకు రాస్తోందో తెలుసుకోవాలంటే రెండు రోజులు పడుతుంది. ఉన్నవి రెండు గంటలు. సరిగ్గా అప్పుడే భార్య హాస్పిటల్‌కి బయల్దేరుతూ అప్పగింతలు మొదలెట్టింది.

"పాలు ఫ్రిజ్‌లో పెట్టండి."

"అలాగే."

"అమ్మ గదిలో కిటికీ తెరవండి. కాస్త గాలాడాలి."

"అలాగే."

"కిందికి దిగేటప్పుడు తాళంచెవి జేబులో వేసుకోండి. తలుపు లాగితే దానంతటదే లాక్ పడిపోతుంది. నా తాళంచెవి హాస్పిటల్లో ఎక్కడో పడిపోయిందని చెప్పాగా. వింటున్నారా?"

"అలాగే."

ఆ మూడో "అలాగే" దగ్గర ఇంజనీరుకి జ్ఞానోదయమైంది. ప్రోగ్రాంతో గొడవెందుకు? రాస్తానంటే "అలాగే, రాసుకున్నాను" అనాలి. రాసింది గాలికి వదిలెయ్యాలి. పన్నెండేళ్ళ సంసారంలో ఆరితేరిన విద్యను మూడు లైన్లలో ఇరికించి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, తలుపు లాగేసి కిందికి పరుగెత్తాడు. ఎమ్యులేటర్ మళ్ళీ ఆగితే ఒట్టు.

లిఫ్టెక్కి నాలుగు నొక్కాడు. నాలుగో అంతస్తు వచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి. కరెంటు పోయొచ్చినా తట్టుకుంటుందో లేదో చూద్దామని మెట్ల మీదుగా దిగి, కింద మీటర్ల గదిలో స్విచ్చి ఓసారి ఆపి వేశాడు. అలా వేసినప్పుడు కిందిదాకా దిగి, అక్కణ్ణించి లెక్క మొదలుపెట్టడం ఆ లిఫ్టు అలవాటు. అది మబ్బు దిగినంత మెత్తగా దిగింది.

పదింటికి చక్రాల కుర్చీలో అత్తగారు వచ్చారు. వెనక భార్య. తోడుగా హెడ్మాస్టరు కూడా ఎక్కాడు. ఇంజనీరు కింద స్విచ్చి దగ్గరే ఉండిపోయాడు. రెండో అంతస్తులో ఆయన దిగిపోయాడు. భార్య నాలుగు నొక్కింది. లిఫ్టు వెళ్ళింది, వెళ్ళింది, అంకె "నాలుగు" అని వెలిగింది, తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఆకాశం. తీగల మీద ఎవరివో తెల్లటి దుప్పట్లు తెరచాపల్లా ఊగుతున్నాయి.

అత్తగారు తలెత్తి చూశారు.

"ఏమే, ఇంటికి పైకప్పు తీయించేశారా?"

"అమ్మా, ఇది మేడమీద!"

"నాలుగని చూపిస్తోందిగా. అల్లుడుగారు నన్ను ఏకంగా పైకే పంపించేద్దామనుకున్నారేమో."

కూతురు కింది బటన్ నొక్కింది. తలుపులు మూసుకున్నాయి. గంట మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. అదే ఆకాశం. మళ్ళీ నొక్కింది. ఈసారి ఆకాశంలో ఒక కొంగ ఉంది. ఇక లాభం లేదని కుర్చీని బయటికి తోసి, ఫోన్ చేసింది.

"ఏవండీ, మేడమీదున్నాం."

"మేడమీదకి ఆరు. ఆరే నొక్కి ఉంటావు."

"నాలుగే నొక్కాను."

"అలాగే, చూస్తానుండు" అంటూ ఇంజనీరు స్విచ్చి ఆపి వేశాడు. లిఫ్టు ఖాళీగా కిందికొచ్చింది. అదే సమయానికి ఐదో అంతస్తుకు కొత్త పరుపు మోసుకుని పరుపులతను వచ్చాడు. గోల విని దిగొచ్చిన హెడ్మాస్టరు "నేను పరీక్షిస్తానుండవయ్యా" అని అతనితోపాటు ఎక్కాడు. రెండో అంతస్తు రాగానే "దివ్యంగా ఉంది!" అని కేకేసి, పొయ్యి మీద నీళ్ళున్నాయంటూ దిగిపోయాడు. పరుపులతను ఐదు నొక్కాడు.

మేడమీద తలుపులు తెరుచుకోగానే అతను అంకె చూసుకున్నాడు. ఐదే.

"పరుపు ఎక్కడ వెయ్యమంటారమ్మా?"

"ఇక్కడే వెయ్యి నాయనా" అన్నారు అత్తగారు.

ఇంజనీరు ఆరంతస్తులూ రొప్పుతూ ఎక్కేసరికి, నీళ్ళట్యాంకు నీడలో పరుపు, దాని మీద అత్తగారు. మూడు వారాలు హాస్పిటల్ సీలింగు తప్ప మరేదీ చూడని మనిషి, కళ్ళు సగం మూసుకుని మబ్బుల్ని చూస్తున్నారు. కాళ్ళ దగ్గర పరుపులతను కునుకు తీస్తున్నాడు. గాలికి దుప్పట్లు మెల్లగా చప్పుడు చేస్తున్నాయి.

"ఒకటి గమనించారా?" అంది భార్య నెమ్మదిగా. "మాస్టారు దిగేదాకా బాగానే వస్తోంది. ఆ తర్వాతే దానికి మతిపోతోంది."

ఇంజనీరు పరుపు అంచున కూలబడి లాప్‌టాప్ తెరిచాడు. "అలాగే" అని పారేసిన రాతల చిట్టా చూశాడు. అన్నీ ఒకే గదికి రాసినవి. నాలుగు. రెండు. నాలుగు. రెండు. ఐదు. ఆగిన ప్రతి చోటా పాపం లిఫ్టు తానెక్కడుందో రాసుకోబోయింది. అతను పారేశాడు. అందుకని ఎక్కడ ఆగినా కిందే ఉన్నాననుకుని, అక్కణ్ణించి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటోంది. రెండుకు నాలుగు కలిస్తే ఆకాశమే మరి. ఐదు కలిసినా అంతే, ఆపైన లిఫ్టుకు దారి లేదు.

అది అసలు రాయకూడని గది కానే కాదు. పాత కార్డులో ఒకే గదికి రెండు తలుపులు, అంటే రెండు చిరునామాలు, ఉండేవి. రెండోది ఇతను గీసుకున్న మెమరీ పటంలో గోడ. ఆ తలుపు తెరిచాడు. పది నిమిషాల పని.

"ఇంతసేపూ అది చెబుతూనే ఉంది. నేనే వినలేదు" అన్నాడు.

"దాన్నైనా విన్నారు. సంతోషం" అంది భార్య.

స్విచ్చి ఆపి వేసి, హెడ్మాస్టరుచేత రెండు సార్లు పరీక్ష చేయించాక, మేడమీద అత్తగారిని మళ్ళీ ఎక్కించారు. లిఫ్టు కిందిదాకా దిగింది, ఒకటో అంతస్తులో ఆగింది, మూడులో ఆగింది, అడిగిన చోటల్లా ఆగింది, చివరికి నాలుగంటే నాలుగులోనే ఆగింది. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. పరుపును మేడమీదే వదిలేసి వచ్చిన పరుపులతనూ కొట్టాడు. ఇంజనీరు తలవంచి నమస్కరించి, ఇంటి ముందు నిలబడి, జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ చెయ్యి చాలాసేపు బయటికి రాలేదు.

"పొద్దున నేనేం చెప్పాను?" అంది భార్య.

ఇంజనీరు జ్ఞాపకాల్లో చాలా దూరం వెతికాడు. మూడు "అలాగే"లు స్పష్టంగా కనిపించాయి. వాటికి ముందేముందో కనిపించలేదు.

"తాళాలు తెరిచే మనిషి సాయంత్రానికిగానీ రాడు" అన్నాడు హెడ్మాస్టరు, ఫోన్ పెట్టేస్తూ.

అత్తగారు కుర్చీని తానే వెనక్కి తిప్పుకున్నారు. లిఫ్టులోకి వెళ్ళి, చెయ్యి చాచి, ఆరు నొక్కారు.

ఈసారి లిఫ్టు ఎక్కడా పొరబడలేదు.