దిష్టిబొమ్మ మెడలో పాస్‌వర్డు

ఆ శుక్రవారం పొద్దున లక్ష్మీరాజం సారు పెట్టుకున్న పని చిన్నదే. పదకొండున్నరకల్లా ఇంట్లో ఇంటర్నెట్ సాఫీగా నడవాలి. మనవరాలు పుట్టి ఆనాటికి ఇరవై ఒక్క రోజులు. తొట్టెల్లో వేసి పేరు పెట్టాలి. పిల్ల తండ్రి రవి మస్కట్‌లో క్రేను నడుపుతాడు, సెలవు శుక్రవారం ఒక్కటే. "పేరు నా మనసుల ఉన్నది. బిడ్డ ముఖం కండ్లార చూసినంకనే చెప్త, ఉత్త ఫోన్ల చెప్ప" అని భార్య సింధూజతో ఖరాఖండిగా అనేశాడు.

చిక్కల్లా రవి తల్లి మొగిలవ్వతో వచ్చింది. తెలంగాణ రాష్ట్రం కోసం సాగుతున్న సమ్మెలో బస్సులు బంద్ కాబట్టి ఆమె సిరిసిల్ల నుంచి మూడు ఆటోలు మారి, నడుము పట్టేసి, ముందురోజే కోరుట్లకు చేరుకుంది. ముహూర్తం పన్నెండుకు. బొగ్గు గనులూ సమ్మెలోనే ఉన్నాయి కనుక పన్నెండు దాటితే కరెంటు కూడా ఉండదు. "అప్పటిదాంక నా కొడుకు కండ్లవడకపోతే మా అత్త పేరు వెట్టుడే. లసుమవ్వ. బంగారమసొంటి పేరు" అని ఆమె తీర్పు చెప్పేసింది.

సింధూజ తండ్రిని వంటింట్లోకి పిలిచింది. "బాపూ, రేపు బడిల హాజరు తీస్తే నా బిడ్డ లసుమవ్వ అని లేచి నిలవడాల్నా? ఎట్లనన్న చేసి నెట్ నడిపియ్యే."

"నేనున్న గద బిడ్డా" అన్నాడు సారు. మాట ఇచ్చాక భయం వేసింది.

భయానికి కారణం పోయిన శుక్రవారం. ఆ రోజు కంప్యూటర్‌లో రవి ముఖం నోరు సగం తెరిచి అట్లాగే ఆగిపోయింది. సారు భార్య భూదేవి ఆ బొమ్మతోనే పావుగంట మాట్లాడి, అల్లుడు ఉలుకూ పలుకూ లేడని నొచ్చుకుంది. పిల్లను చూపిస్తే అతనికి అటువైపు గళ్లు గళ్లుగా కనిపించిందట. అంత డబ్బు పోసి, జగిత్యాల నుంచి మెకానిక్ వేణును పిలిపించి రూటర్ పెట్టించినా ప్రతి శుక్రవారమూ ఇదే వరస.

సమ్మె వల్ల బడికి వెళ్లక మూడు వారాలైంది. సోషల్ చెప్పే చేతులు ఊరికే ఉండవు కదా. ఎనిమిదింటికి సారు రూటర్ పేజీ తెరిచి చూస్తే, డబ్బాను లోపలి నుంచి నడిపించే ఫర్మ్‌వేర్ కొత్తది ఉంది, అప్‌డేట్ చేసుకోండని రాసి ఉంది. రోగానికి మందు దొరికిందనుకుని నొక్కాడు. గీత నిండింది, డబ్బా ఆరి వెలిగింది. అంతదాకా పచ్చగా ఉండే ఇంటర్నెట్ దీపం ఎర్రగా వెలిగింది.

వేణుకు ఫోన్ చేశాడు.

"ఎర్ర లైటా సార్? ఎనుక సన్నటి బొక్క ఉంటది. సూదితోని పది సెకన్లు ఒత్తుండ్రి."

సారు భూదేవి దగ్గర సూది తీసుకుని ఒత్తాడు. దేనికైనా మంచిదని ముప్ఫై లెక్కపెట్టాడు. దీపాలన్నీ ఒకసారి ఆరి మళ్లీ వెలిగాయి. ఎర్రది ఎర్రగానే ఉంది.

"పాత ముచ్చట మొత్తం తుడుసుకపోయింది సార్. వైఫై సంగతి తర్వాత చూద్దాం, ముందుగాల లైను నెంబరు, లైను పాస్‌వర్డు మళ్ల కొట్టాలె. రూటర్ అచ్చిన అట్టడబ్బ లోపట నేనే రాసిచ్చిన, యాది లేదా?"

"నువ్వు రారాదూ వేణూ."

"ఎట్ల రావాలె సార్? ఈడ రాస్తారోకో. సైకిల్ గూడ కదుల్తలేదు."

రాస్తారోకో వద్దని చెప్పే ముఖం సారుకు లేదు. అట్టడబ్బా కోసం అటక ఎక్కాడు, మంచం కిందికి దూరాడు. చివరికి తొట్టెలకు పూలు కడుతున్న భూదేవి తల ఎత్తకుండానే చెప్పింది. "గా డబ్బ మొన్న మీరే కోసిండ్రు గద, సమ్మె బోర్డులకు అట్టలు తక్కువైనయని."

ఊళ్లో ఉద్యమం బోర్డులన్నీ సారు గుండ్రటి చేతిరాతతోనే తయారవుతాయి. ఆ అట్టను విప్పి, పైవైపు "మొండి సర్కారు దిగి రావాలె" అని రాసి దీక్షా శిబిరంలో ఇచ్చిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. లైను పాస్‌వర్డు వెనకవైపు ఉంది. చెప్పులు వేసుకుని శిబిరానికి పరుగెత్తాడు. టెంటు ఖాళీగా ఉంది, చాప మడత పెడుతున్న ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"ఆ బోర్డా సార్? మంచిగ రాసిండ్రని దిష్టిబొమ్మ మెడల ఏసిండ్రు. చౌరస్తల కాలవెడ్తరట."

అప్పటికి పదకొండుంబావు.

చౌరస్తాలో డప్పులు మోగుతున్నాయి. మూడు వందల మంది జనం. మధ్యలో గడ్డి కుక్కిన సర్కారు దిష్టిబొమ్మ. గోనెగుడ్డ తల, ఎవరిదో పాత ప్యాంటు, మెడలో సారు బోర్డు. కిరోసిన్ పోయడం అయిపోయింది. ఉద్యమ కమిటీ కన్వీనర్ చంద్రయ్య అగ్గిపెట్టె తీశాడు. అతని ఇల్లు సారు ఇంటికి వెనకే.

"చంద్రయ్యా, అగ్గిపుల్ల గియ్యకు" అన్నాడు సారు రొప్పుతూ.

"ఎందుకు సార్?"

డప్పులు ఆగిపోయాయి. అందరూ సారును చూశారు. నిన్న సాయంత్రం ఇదే చౌరస్తాలో మైకు పట్టుకుని, ఎవరి సొంత పనులు వాళ్లు పక్కన పెడితేనే రాష్ట్రం వస్తుందని అరగంట చెప్పింది ఆయనే. ఇప్పుడు మా ఇంట్లో నెట్ కోసం అని ఏ నోటితో అంటాడు? "ఒక్క నిమిషం" అని మాత్రం అని బొమ్మను కావలించుకుని బోర్డు లాగాడు. తాడు ముడి రాలేదు. మళ్లీ గట్టిగా గుంజితే బోర్డుతో పాటు తల కూడా ఊడి చేతికొచ్చింది. ఆ రెండింటినీ చంకలో పెట్టుకుని సారు ఇంటిదారి పట్టాడు.

జనంలో ఎవరో అన్నారు, సారు సర్కారును కాపాడిండని. ఇంకెవరో, నిన్ననే పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చిందట, సారు సమ్మె నుంచి తప్పుకుంటున్నాడట అన్నారు. పోస్టాఫీసు దాటేసరికి ఆయనకు ప్రమోషన్ కూడా ఇచ్చేశారు. తలలేని బొమ్మను ఎత్తుకుని ఊరేగింపు సారు ఇంటి వైపు తిరిగింది.

ఇంట్లో తొట్టెల సిద్ధంగా ఉంది. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. కిరోసిన్ కంపుతో వచ్చిన వియ్యంకుణ్ని చూసి మొగిలవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "శుభమా అని పిల్లను తొట్టెల ఏస్తుంటే గీ తలకాయేంది అన్నా?"

"తర్వాత చెప్త" అని సారు బోర్డు తిప్పి, వేణు రాసిన అక్షరాలు ఒక్కొక్కటే కొట్టాడు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి దీపం పచ్చబడింది. పదకొండూ నలభై ఐదుకు రవి తెరమీదికి వచ్చాడు. ఎన్నడూ లేనిది, కొత్తగా గీసుకున్న గడ్డం మీది గాటు కూడా కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే చంద్రయ్య పది మందితో గడప దాటాడు. "ఏంది సార్ గిది, మమ్ముల నడిమిట్ల..." అని మొదలుపెట్టినవాడు తెరవైపు చూసి ఆగిపోయాడు. సింధూజ పిల్లను కెమెరాకు దగ్గరగా పట్టుకుంది. రవి కళ్లు తుడుచుకుంటున్నాడు. చంద్రయ్య మెల్లగా చెప్పులు విడిచాడు.

"పేరు చెప్పయ్యా, యాళ్లయితంది" అంది భూదేవి.

"ప్రీతి అని పెడ్దామనుకున్న అత్తా" అన్నాడు రవి. సింధూజ ముఖం వెలిగింది. సారు ఊపిరి వదిలాడు. రవి తెర మీదికి ఇంకా వంగాడు. "గని ఇప్పుడు చూస్తుంటే గా ముక్కు, గా గదుమ... అచ్చం మా నాయనమ్మనే. నన్ను సాదింది గామెనే గద. ప్రీతి గీతి వద్దు. లసుమవ్వ అని పిలువుండ్రి."

మొగిలవ్వ ఏడ్చేసి పిల్ల చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. ఆమె చెవిలో చెప్పడమంటే వాకిట్లో తలలేని దిష్టిబొమ్మను పట్టుకున్నవాళ్లకు కూడా వినిపించింది. సింధూజ తండ్రి వైపు చూసింది. పోయినవారం లాగే గళ్లు గళ్లుగా కనిపించి ఉంటే పిల్ల ప్రీతి అయ్యేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

పన్నెండుకు కరెంటు పోయింది. సారు సంగతంతా దాచకుండా చెప్పి, తలను రెండు చేతులా తిరిగి ఇచ్చాడు. చంద్రయ్య నవ్వలేదు. "గా ముచ్చట చౌరస్తలనే చెప్తే అయిపోవు గద. నేను గూడ పొద్దటి సంది తిప్పలు వడుతున్న. మా తమ్ముడు బహ్రెయిన్‌ల ఉంటడు. శుక్రారం మాట్లాడుదామంటే నెట్టే లేదు."

"మీ ఇంట్ల నెట్ ఎన్నడు పెట్టిచ్చుకున్నవ్?"

"పెట్టిచ్చుకునుడేంది సార్? మీదే గద. వాడకట్టు మొత్తం గదే."

"పాస్‌వర్డు ఎవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పుడెందుకు? మీ ఇంట్ల జై తెలంగాణ గాక ఇంకేముంటది?"

వెనక ఉన్నవాళ్లంతా అవునన్నట్టు తలలు ఊపారు. ప్రతి శుక్రవారమూ మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ మొత్తం తన ఒక్క తీగమీదే మాట్లాడుతున్నాయని, ఇవాళ అవన్నీ తెగిపోబట్టే రవి ముఖం అంత తేటగా కనిపించిందని, ఫర్మ్‌వేర్ పాపం ఏ తప్పూ చేయలేదని సారుకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం కరెంటు వచ్చాక తలుపు గడియపెట్టి వైఫైకి కొత్త పాస్‌వర్డు పెట్టడానికి కూర్చున్నాడు. "గీసారన్న బయటోళ్లకు అందనిది పెట్టుండ్రి" అంది భూదేవి. సారు చాలాసేపు ఆలోచించాడు. ఉద్యమంతో సంబంధం లేనిది, అచ్చంగా తమ ఇంటికి మాత్రమే చెందినది కావాలి. చివరికి తృప్తిగా, తప్పు లేకుండా కొట్టాడు. లసుమవ్వ.

మరుసటి శుక్రవారం పదకొండున్నరకు రవి ముఖం నోరు సగం తెరిచి, అట్లాగే ఆగిపోయింది.