మాయాదుర్గంలో నీలవ్వ వంతు

కార్డుల విషయంలో ఆర్మూరు పట్టణం అద్భుతమైన ప్రగతి సాధించిందని యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. పసుపు యార్డు గేటు దగ్గర సేటు నుంచి హమాలీ దాకా ఎవరి ఫోన్ చూసినా ఏడెనిమిది కొత్త కార్డులున్నాయి. అవి కూడా అడిగిన క్షణంలోనే వస్తున్నాయి.

ఆ గేటు దగ్గరే తోపుడు బండి మీద మక్క కంకులు కాల్చి అమ్మే నీలవ్వ చెవిన ఈ మాట పడింది. ఆమె రేషన్ కార్డు పోయి తొమ్మిదేళ్లయింది. పోవడానికి కారణం న్యాయమైనదే. సర్వేకి వచ్చిన ఉద్యోగి ఆ బండి చక్రాలు జాగ్రత్తగా లెక్కబెట్టి, 'ఫోర్ వీలర్ ఉన్నది' అని రాసుకుపోయాడు. ఫోర్ వీలర్ ఉన్నవాళ్లకు రేషన్ బియ్యం ఎలా ఇస్తారు? అప్పటి నుంచి ఆమె అర్జీలు పెడుతూనే ఉంది, అవి పరిశీలనలో ఉంటూనే ఉన్నాయి. ఊరందరికీ కంకులు తినిపించే మనిషికి ఇంట్లో బియ్యం దిగులు మాత్రం తీరలేదు.

ఆధార్ జిరాక్సులు, రెండు ఫోటోలు పట్టుకుని ఆమె ఆన్‌లైన్ సెంటర్ నడిపే గణేష్ దగ్గరికి పరుగెత్తింది.

"బిడ్డా, హమాలీ దేవయ్యకు పొద్దుగాల రెండు కార్డులొచ్చినయట. నాకు ఒక్కటి చాలు, జర ఎక్కించు."

"అవ్వా, గవి బియ్యం కార్డులు కావు. మాయాదుర్గమని ఫోన్ల ఆట. రాక్షసుల కార్డులు, మంత్రగాళ్ల కార్డులు."

"రాక్షసులకు గూడ కార్డులిచ్చిన్రా?" నీలవ్వ నోరెళ్లబెట్టింది. "మరి నేనేం పాపం చేసిన?"

గణేష్‌కు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కంకుల డబ్బులు స్కానర్‌తో తీసుకోవడానికి ఆమె పెట్టుకున్న ఫోన్లోనే ఆట ఎక్కించి నేర్పాడు. ఒక కార్డు వేయాలి. ఎదుటివాడు తన కార్డు వేసేదాకా ఆగాలి. ఒక రోజు గడిచినా వేయకపోతే వాడు ఓడినట్టే.

ఆగడమా! ఆఫీసు మెట్ల మీద తొమ్మిదేళ్లు కూర్చుని ఆమె నేర్చిన విద్యే అది. యార్డులో కమీషన్ వ్యాపారం చేసే అడ్తి సేటు ప్రేమ్‌చంద్ ఆత్రం కొద్దీ మహారాక్షసుణ్ని మొదటి వంతులోనే దింపి చేతులు కాల్చుకున్నాడు. ధర పెరుగుతుందని పసుపును మూడేళ్లు గోదాములో దాచిన రాజమల్లు ఓపికలో గట్టివాడే గానీ, ఆమె ముందు అతనూ నిలవలేదు. నీలవ్వ కంకులు తిప్పుకుంటూ, ఉప్పూ నిమ్మకాయా రుద్దుకుంటూ, అవతలివాడి ఓపిక చచ్చేదాకా చిన్న చిన్న కార్డులే వేసింది. నెల తిరిగేసరికి ఆర్మూరు విజేత ఆమే.

పట్టణ ప్రముఖులకు ఆమెను సన్మానించక తప్పలేదు. అర్జీలు పరిశీలించే ఆఫీసు పెద్దసారే ముఖ్య అతిథి.

"ఓపికకు మారుపేరు నీలవ్వ! ఎదురుచూడటం ఎలాగో నేటి యువత ఆమెను చూసి నేర్చుకోవాలి! ఇలాంటి పౌరులే మా కార్యాలయానికి కొండంత అండ!" అని ఉపన్యసించి, శాలువా కప్పి, మైకు ఆమె చేతికిచ్చాడు.

"సారూ, తొమ్మిదేండ్ల కింద అర్జీ పెట్టి నా వంతు నేనాడిన. అప్పటిసంది మీ వంతే నడుస్తున్నది. గీ ఆటల ఒక్క దినం దాటితే ఓడినట్టు. మరి మీరెప్పుడు ఓడుతరు సారూ?"

సభ గొల్లున నవ్వింది. పెద్దసారు అందరికంటే గట్టిగా నవ్వి, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. మర్నాడే అర్జీ కదిలింది. 'పరిశీలనలో ఉంది' అన్నది కాస్తా 'పునఃపరిశీలనలో ఉంది' అయింది.

నీలవ్వ మాటల వీడియో ఊరూరా తిరిగింది. పక్కనున్న మోర్తాడ్ నుంచి పొట్టకూటికి గల్ఫు పోయినవాళ్లు సైతం చూసి కళ్లు తుడుచుకున్నారు. మనమందరం లైకు కొట్టాం. దాంతో మన వంతు కూడా అయిపోయింది.