గుబురప్ప గారి తీర్పు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఒక మూల వాన కురుస్తుంటే ఇంకో మూల ఎండ కాసేది, గుబురప్ప అనే ఎలుగుబంటి పెళ్లాం పిల్లలతో కాపురం ఉండేవాడు. మనసు మంచిదే. కాకపోతే ఎవరైనా నాలుగు మాటలు పొగిడితే ఆగలేడు. "ఎర్రమ్మా, ఒక కుండ దింపు!" అని పెళ్లాన్ని కేకేసేవాడు. వానాకాలానికి దాచిన తేనె వచ్చినవాళ్ల పొట్టల్లోకి పోయేది.

ఆ ఏడాది వానలు రాకముందే చాలా ఇళ్లల్లో తిండి నిండుకుంది. మొగుడూ పెళ్లాల అరుపులకు పక్షులు గూళ్లు మార్చేస్తున్నాయి. పంచాయతీ కూర్చుని, ఇళ్లు గుల్లచేసే అలవాట్లను పట్టుకోడానికి ఓ కమిటీ వేసింది.

"అధ్యక్షుడంటే గుబురప్ప గారే!" అంది వినయమూర్తి అనే నక్క. "ఆ విగ్రహం, ఆ గొంతు, ఆ చెయ్యి..."

గుబురప్ప అప్పుడే ఇంటివైపు తిరిగి కేకేశాడు. కుండ వచ్చింది.

నక్క లెక్క నక్కకుంది. ఈయన అధ్యక్షుడైతే రోజూ పొగడొచ్చు, రోజూ తాగొచ్చు. ఎవరికీ అనుమానం రాకుండా ఓ నియమం కూడా పెట్టింది. అర్జీదారు పేరు తీర్పు చెప్పాకే చదవాలి. పక్షపాతం ఉండకూడదు కదా!

మొదటిరోజు అర్జీలో ఓ కోతి దొరికింది. ప్రతి పండూ ఒక్క కొరుకు కొరికి పారేస్తుందట. "ఇంట్లో పిల్లలుండగా?" అని గుబురప్ప గర్జించాడు. రెండోరోజు ఓ నెమలి దొరికింది. పొద్దున్నుంచి సాయంత్రందాకా మడుగులో తన నీడే చూసుకుంటోందట. "సిగ్గులేదూ?" అన్నాడు.

"ఏం తీర్పండీ! ధర్మం నాలుగు కాళ్లమీద నడుస్తోంది!" అంటూ కమిటీ అంతా మూతులు తుడుచుకునేది.

మూడోరోజు గుమస్తా కుందేలు మరో అర్జీ చదివింది.

"మా ఆయనకు పొగడ్త పిచ్చి. ఎవరు పొగిడినా ఇంట్లో ఉన్నది తీసి పెట్టేస్తారు. నిన్న మా చిన్నది ఖాళీ కుండలో తల దూర్చి నాకుతుంటే, తల ఇరుక్కుంది. ఆయన చూసి, ఆడుకుంటోందనుకుని నవ్వారు."

గుబురప్ప కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎవడా ప్రబుద్ధుడు? కన్నబిడ్డ ఆకలి కూడా తెలియనివాడు!" అంటూ బండమీద ఒక్క చరుపు చరిచాడు. "ఇకనుంచి ఆ ఇంట్లో కుండల పెత్తనం ఆ తల్లిదే! వాణ్ణి పొగిడి తిన్నవాళ్లంతా తిన్నంతా తెచ్చి పొయ్యాలి!"

అడవి ఈలలతో మారుమోగింది. నక్క మాత్రం ఎందుకో కూర్చున్నచోటే చిన్నదైపోయింది.

"అర్జీదారు," అని కుందేలు కాగితం మడత విప్పింది. "ఎర్రమ్మ... అధ్యక్షులవారి భార్య."

గుబురప్పకు నిన్నటి నవ్వు గుర్తొచ్చింది. చిన్నదాని మూతికి ఓ చుక్క తేనె కూడా అంటి లేదు. తను అప్పుడు పట్టించుకోనే లేదు.

నక్క గబగబా లేచింది. "అయ్యా, ఇంత జాలిగుండె ఈ అడవిలో ఇంకెవరికుంది? మహానుభావులు..."

"ఎర్రమ్మా, ఒక కుం..." అనేశాడు గుబురప్ప. అని, తన నోటిని తనే చేత్తో మూసుకున్నాడు.

ముందు ఓ పిల్లకాకి కిసుక్కుమంది. ఆ తర్వాత అడవి అడవంతా పొట్టలు పట్టుకుని దొర్లింది. గుబురప్పకు ఏడుపొచ్చింది, అంతలోనే నవ్వొచ్చింది. "చూశావా, అదే వచ్చేస్తోందే!" అన్నాడు భార్యతో.

"మూడురోజులుగా ఇక్కడే నిలబడి చూస్తూనే ఉన్నానండీ," అంది ఎర్రమ్మ. "తీర్పు మాత్రం బాగుంది. అమలు చేద్దాం."

"అమ్మా, నక్కలం, చెట్లెక్కలేం!" అని వినయమూర్తి కాళ్లావేళ్లా పడింది.

"పుట్టల్లోనూ తేనె ఉంటుంది నాయనా. మూతి దూర్చు," అంది ఎర్రమ్మ.

నాలుగురోజులపాటు కమిటీ సభ్యుల మొహాలు గుమ్మడికాయల్లా వాచి, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయారు. తొలివాన పడేనాటికి ఎర్రమ్మ ఇంట్లో ఏడు కుండలు నిండాయి. గుబురప్ప తలుపు వేసుకుని, చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తేనె నాకించాడు.

నీతి: మన అలవాటు మీద మనకు కోపం రావాలంటే, అది పక్కింటివాడిదని ఎవరైనా చెప్పాలి.