మూడు కంప్యూటర్ల సమానాభివృద్ధి పథకం

చక్కగా పనిచేస్తున్న వస్తువును అలా పనిచేయనివ్వకూడదన్న మహత్తర సూత్రం మీదే మానవజాతి ప్రగతి యావత్తూ ఆధారపడి ఉంది. ఇళ్ళ ప్లాన్లు గీసి ఇచ్చే ఒక చిన్న ఆఫీసులో ఈ సూత్రాన్ని అమలుచేసిన ఘనత అక్కడి ఇంజనీరుగారిది. ఆఫీసులో మూడు కంప్యూటర్లు, మూడింటినీ నడిపేది లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ. మంగళవారం సాయంత్రం వాటిలో ఒకటి, కొత్త వెర్షన్ వచ్చింది, మారమంటారా అని వినయంగా అడిగింది. ఇంజనీరుగారు సరేనన్నారు. ఒకదానికి చేసి మిగతావాటికి చేయకపోతే చూసేవాళ్ళకు బాగుండదని మూడింటికీ చేయించారు, అదీ కొన్న తేదీల వరసలో, పెద్దది ముందు. (చిన్నది ఏమీ అనుకోలేదు.) పాత వెర్షన్ తాలూకు ఫైళ్ళు అడ్డదిడ్డంగా పడి ఉండటం కూడా ఆయన చూడలేకపోయారు. వాటినీ తుడిపించేసి, చేతులు దులుపుకుని, మర్నాడు పొద్దున్నే సైటు చూడటానికి వేరే ఊరు వెళ్ళారు.

ఆ బుధవారమే పదిన్నరకు ఆఫీసు తలుపు తీసినవారు స్కేలుగారు. అక్కడి డ్రాఫ్ట్స్‌మన్‌ని అందరూ పిలిచే పేరు అది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన గీసిన ప్రతి ప్లానులోనూ, కుడివైపు అడుగున ఉండే గడిలో ఇంజనీరుగారి పేరే పడుతూ వచ్చింది. పోయిన నెలలో పరీక్ష రాసి, తన పేరుతో ప్లాన్లు పెట్టుకునే లైసెన్సు తెచ్చుకున్నారు. పేటలో కట్టబోయే చిన్న గ్రంథాలయం ప్లాను ఆయన మొదటి సొంత పని. ఆ గడిలో తన పేరు టైపు చేసిన రోజు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయారు, అంత సంతోషం. ఇక మెట్లొక్కటే గీయాలి. అనుమతుల కార్యాలయంలో ప్లాన్లు ఇవ్వడానికి ఆ సాయంత్రం నాలుగింటితో గడువు ముగుస్తుంది.

మూడు కంప్యూటర్లూ వేస్తే మూడు తెరలూ నల్లగా ఉన్నాయి. ఏ తెరా ఇంకో తెరకన్నా తక్కువ నలుపు కాదు. ఆ విషయంలో ఇంజనీరుగారి ఆశయం నెరవేరినట్టే. స్కేలుగారు వెంటనే చెల్లెలికి ఫోన్ చేశారు. ఆవిడ ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. అంతా విని, లోపలి యంత్రాంగమైన కర్నల్ కొత్తదైపోయిందని, తెరకు బొమ్మ అందించే గ్రాఫిక్స్ డ్రైవరు మాత్రం పాతదాని కొలతలకే ఉండిపోయిందని తేల్చింది. పాత కర్నల్‌తో మొదలుపెడితే చాలంది.

"మొదట్లో వచ్చే జాబితాలో పాతది కూడా ఉంటుంది, చూడన్నయ్యా."

"ఒక్కటే ఉందమ్మా."

"పాతది తుడిచేశారా?"

"శుభ్రం చేయించారు."

చెల్లెలు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కొత్త డ్రైవరు పెట్టి చూశారు. కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదని, దానితో తనకు సంబంధం లేదని కొత్త డ్రైవరు చెప్పేసింది. పాత డ్రైవరు పెడితే, కర్నల్ మరీ కొత్తదని అది మొండికేసింది. చివరికి డ్రైవరు ఊసే ఎత్తకుండా మొదలవమనే మాటొకటి టైపు చేయిస్తే తెర వచ్చింది. స్కేలుగారికి ప్రాణం లేచివచ్చింది. అయితే అక్షరాలు అరచేయంత ఉన్నాయి, గ్రంథాలయం మొత్తంలో మరుగుదొడ్డి ఒక్కటే తెరలో పట్టింది. మౌస్ కదిపితే బొమ్మ తాపీగా ఆలోచించుకుని, ఒకటిన్నర నిమిషానికి పక్కగదికి బయల్దేరింది. ఈలోగా ఆసుపత్రిలో ఎవరో పిలిచారు. ఇంటర్నెట్‌లో లైనక్స్ వాడేవాళ్ళ సహాయవేదికలో అడిగి చూడమని చెప్పి చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

సహాయవేదిక అంటే పూర్తి ఉచితంగా, నియమబద్ధంగా సహాయం చేయకుండా ఉండే పెద్దల సభ. నాలుగో నియమం ప్రకారం 'అర్జెంటు' అన్న మాట వాడిన ప్రశ్నను, అడిగినవారికి ఓర్పు అలవడటం కోసం, ఒక రోజు పక్కన పెడతారు. ఏడో నియమం ప్రకారం తెర బొమ్మను ఆ తెర నుంచే తీసి జతచేయాలి, ఫోనుతో తీసినవి చెల్లవు. మామూలుగా మొదలుపెడితే తెర నల్లగా ఉంటోంది, ఏం తీయమంటారు అని స్కేలుగారు విన్నవించుకున్నారు. నలుపు ఏ మేరకు నలుపో స్పష్టత లేదని ప్రధాన సలహాదారు (ఇప్పటికి పదకొండు వేల జవాబులు ఇచ్చినవారు) ప్రశ్నను తిప్పి పంపారు. రెండో సలహాదారు, పన్నెండేళ్ళ కిందట ఆ కార్డు కొనాలన్న నిర్ణయాన్ని పునఃపరిశీలించుకోమన్నారు. మూడో ఆయన లైనక్స్‌లోనే వేరే రకానికి మారమన్నారు. ఏ రకం అన్న దగ్గర ఆయనకూ రెండో సలహాదారుకూ మాటామాటా పెరిగింది. ఒంటిగంటకల్లా నలభై మూడు జవాబులు చేరాయి, ఒక్కదాంట్లోనూ స్కేలుగారి ఊసు లేదు. ఒకటింపావుకు, 'సంతృప్తికరంగా చర్చించబడినది' అని ముద్రవేసి ప్రశ్నను మూసేశారు.

స్కేలుగారు తల పట్టుకుని కూర్చున్నారు. నిజంగానే ఏడుపొచ్చింది. కాసేపటికి లేచి, బీరువా వెనక నుంచి పాత డ్రాయింగు బల్ల లాగి, దుమ్ము దులిపి, కాగితం బిగించారు. కొలతలన్నీ నోటికొచ్చు. గోడలు, కిటికీలు, చదువుకునే గది, మెట్లు, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. చెయ్యి దేన్నీ డౌన్‌లోడ్ చేసుకోమనలేదు. మూడుంబావుకు, కుడివైపు అడుగున గడిలో తన పేరు తన దస్తూరితోనే రాసి, కాగితం చుట్టుకుని పరుగెత్తారు.

కౌంటరులో ఉన్నావిడ మంచి మనిషి. ప్లాను విప్పి చూసి, ఇంత నీటుగా గీసింది ఈ మధ్య చూడలేదని మెచ్చుకుంది. తనే ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించింది, దరఖాస్తు గడులు కూడా తనే నింపడం మొదలుపెట్టింది. గోడ గడియారంలో నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. స్కేలుగారు కౌంటరు మీదికి వంగి ఒక్కో గడీ నిండటం చూస్తున్నారు.

"గీయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ ఏంటి సార్? ఇది ఖాళీగా వదిలితే ముందుకెళ్ళదు."

"చేత్తో గీశానండీ."

ఆవిడ 'చెయ్యి' అని కొట్టింది. కంప్యూటరు ఒప్పుకుంది.

"వెర్షన్?"

స్కేలుగారు కాస్త ఆలోచించి తన వయసు చెప్పారు. "యాభై మూడు."

ఆవిడ అదీ కొట్టి, తెర మీద తిరుగుతున్న చక్రం ఆగేదాకా ఓపిగ్గా చూసింది. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా, నలగకుండా చుట్టి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

"యాభై మూడుకి సపోర్టు ఆపేశారట సార్. అప్‌గ్రేడ్ అయి రండి."