మూడో వాలుపై పొడి వాతావరణం

మన్యంలోని మంచుకోట స్కీ రిసార్టులో ఏ రోజు ఎంత మంచు పడిందన్నది ముందురోజు సాయంత్రం వాతావరణ బులెటిన్‌లోనే తేలిపోతుంది. మర్నాడు ఆకాశం దాన్ని మార్చడానికి వీల్లేదు. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రాజమండ్రి నుంచీ తణుకు నుంచీ వచ్చే సందర్శకులు గదిలో సామాను దించగానే బులెటిన్ చదువుకుంటారు. ‘తేలికపాటి’ అని ఉంటే పిల్లలకి స్కీలు తొడుగుతారు, ‘ఓ మోస్తరు’ అంటే తామూ తొడుక్కుంటారు, ‘భారీ’ అంటే గదుల్లోకే పకోడీలు తెప్పించుకుంటారు. కిటికీలోంచి చూసి నిర్ణయించుకునేవాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు గానీ, వాళ్ళను చూస్తే మిగతావాళ్ళకు జాలి.

జెమ్మెలి మాలతి అక్కడ మంచు పరిశీలకురాలు. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో తీసుకున్న మనిషి కాదు. పొద్దున ఏడింటికి నిన్నటి సాయంత్రం బులెటిన్‌ను పరిశీలన రిజిస్టరులోకి ఎక్కించి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే కొలబద్ద పట్టుకుని మూడు వాలులూ తిరగాలి. కొలబద్ద తేడాగా చూపిస్తే దాన్ని మరమ్మతుకు పంపాలి. ఆమె ఇప్పటిదాకా పదకొండు కొలబద్దల్ని పంపింది. అంత నికార్సైన పనిమంతురాలు.

ఆ గురువారానికి బులెటిన్ ‘అన్ని వాలులపైనా ఓ మోస్తరు మంచు, ఒకటి రెండు చోట్ల భారీగా’ అంది. మాలతి ఎక్కించి, సంతకం పెట్టి, బయల్దేరింది. మూడో వాలు దగ్గరికి వెళ్ళేసరికి దారే లేదు. కొండ పైనుంచి మంచు జారి వాలు పాదాన రెండు నిలువుల ఎత్తున కూలి ఉంది. ఆమె మొగుడు బాలన్న స్కీ దారికి గుర్తు జెండాలు పాతడానికి ఆరింటికే అక్కడికి వెళ్ళాడు. ఫోను చేస్తే, నయమే, ఎత్తాడు.

“జెండాల గుడిసెలో ఉన్నాను,” అన్నాడు. “మంచు మీద పడిపోనాది. గుడిసె నిలబడింది గానీ తలుపు రావట్లేదు. నువ్వు కంగారు పడకు. ఆఫీసులో సెప్పు.”

మాలతి ఆఫీసు కంటే ముందు స్టోరుకు పరిగెత్తింది. పారలు గోడకు వరసగా నిలబెట్టి ఉన్నాయి. స్టోరు గుమాస్తా సన్యాసిరావు మంచివాడే, కానీ పారలు భారీ మంచుకు మాత్రమే ఇస్తారు. “మూడో వాలు మీద ఓ మోస్తరే కదా మేడం,” అని రిజిస్టరు తిప్పి చూపించాడు. “సంతకం మీదే.”

సంతకం ఆమెదే. కాదంటే ఎలా?

ఆఫీసులో సహాయ వాతావరణాధికారి చక్రధరం ఆమెను కూర్చోబెట్టి టీ ఇప్పించారు. మాలతి టీ ముట్టుకోలేదు.

“ఒకటి రెండు చోట్ల భారీ అని రాసున్నాది కద సార్. మూడో వాలుని అందులో ఎయ్యండి.”

ఆయన ఓపిగ్గా ఫైలు తెరిచారు. “ఒకటి అతిథి గృహం వెనక పడిందమ్మా. రెండోది కార్లు నిలిపే చోట. ఆరున్నరకల్లా ఆ రెండు చోట్ల కాపలావాళ్ళూ రాసిచ్చేశారు. ఒకటీ రెండూ అయిపోయాక మూడో చోటు ఎక్కణ్ణుంచి తేను?”

“కార్లకాడ సెప్పు కూడా తడవదు సార్.”

“పడిందని రాసిచ్చారు కదమ్మా.”

మాలతి మూడో వాలుకు తిరిగెళ్ళి అన్నం గిన్నె మూతతో తవ్వడం మొదలుపెట్టింది. అరగంటకే సందర్శకులు ఫిర్యాదు చేశారు, వాలు పాడవుతోందని. ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు వచ్చి, తప్పనుకోవద్దమ్మా అంటూ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చేశారు. మధ్యాహ్నం తోటి ఉద్యోగులంతా ఇంటికి వచ్చి ధైర్యం చెప్పారు. ఓ మోస్తరు మంచులో మనిషికి ఏమవుతుంది వదినా అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. హాజరు పట్టీలో బాలన్న డ్యూటీలోనే ఉన్నాడు. చోటు కదలకుండా పని చేస్తున్నందుకు ఆ సాయంత్రం అతని పేరు మైకులో చదివి చప్పట్లు కొట్టారు.

శుక్రవారానికి బులెటిన్ ‘పొడి వాతావరణం, మంచి ఎండ’ అంది. శుక్రవారం తెల్లవారుజాము నుంచీ మంచు కురుస్తూనే ఉంది. ఏడింటికి మాలతి రిజిస్టరు తెరిచింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి కలం కదల్లేదు. ఆ పుస్తకాన్ని అలాగే పట్టుకెళ్ళి చక్రధరం గారి బల్ల మీద పెట్టింది.

“నేను రాయను సార్.”

ఆయనకు కోపం రాలేదు. అలాంటి సందర్భానికీ ఒక ఫారం ఉంది. పరిశీలకులు బులెటిన్‌తో విభేదిస్తే, ఆ చోటున ఉన్న మనిషిని అడగాలి. “మంచు ఉందని అతను ఒక్కమాట అంటే చాలమ్మా. పారలన్నీ పంపిస్తాను, గంటలో తవ్విస్తాను,” అన్నారు. నిజంగానే తవ్వించేవారు. మాలతికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫోను కలిపి బల్ల మీద పెట్టింది. చాలాసేపు మోగాక బాలన్న ఎత్తాడు. వెనక రేడియో వినిపిస్తోంది.

“బాలన్నా, నేను అధికారిని. నీ దగ్గర మంచు ఎంత ఉంది?”

“మంచేటి సార్?” మాట ముద్దముద్దగా వచ్చింది. “పొడి వాతావరణమని రేడియోలో సెప్పారు కద.”

“రేడియో సంగతి కాదు. నీకెలా ఉంది?”

“నిన్న సలేసింది సార్. ఇయ్యాల ఒకటే ఉక్కపోత. స్వెట్టరు ఇప్పేసినాను. సొక్కా కూడా ఇప్పుతున్నాను.”

మాలతి బల్ల మీదికి వంగింది. “ఏటయ్యా ఆ మాటలు? గోడ మీద సెయ్యి పెట్టి సూడు. సల్లగా నేదా?”

“సేతులు తెలీట్లేదే మాలతీ. ఎండ మాత్రం బాగుంది. కూసింత పడుకుంటాను.”

ఆ తర్వాత రేడియో ఒక్కటే మాట్లాడింది. చక్రధరం ఫారంలో ‘స్థలంలో ఉన్న వ్యక్తి బులెటిన్‌తో ఏకీభవించారు’ అని రాసుకున్నారు.

“చలికి గడ్డకట్టేవాళ్ళకి ఆఖర్లో ఒళ్ళు మండుతాది సార్,” అంది మాలతి. “బట్టలు ఇప్పేసుకుంటారు. మా ట్రైనింగులో సెప్పారు.”

“అది భారీ మంచు పాఠంలోదమ్మా,” అన్నారాయన మెల్లగా, నిజమైన బాధతో. “ఇవాళ్టికి వర్తించదు.”

రిజిస్టరు ఆమె వైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చారు. మాలతి కలం అందుకుంది. మొగుడే ఒప్పుకున్న ఎండ. పొడి వాతావరణం అని రాసి, సంతకం పెట్టింది. మెట్లు దిగి, కురుస్తున్నదాంట్లో నిలబడి, శాలువా తీసి మడిచి చంకన పెట్టుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలో ఇంటికి నడిచింది.