ప్రొఖోర్ ఎముకల్లో ప్రభుత్వ ఆస్తి

మా ఊళ్లో ఎవరికీ జబ్బులు రావని సవినయంగా మనవి చేస్తున్నాను. ఉరల్ కొండల వెనక, ఏ పటంలోనూ లేని ఊరు మాది. లేని ఊళ్లో జబ్బులేమిటి? ప్లుటోనియం కర్మాగారం మాత్రం ఉంది. దాని గురించి మాకేమీ తెలియదు. అందరం అందులోనే పనిచేస్తాం.

ప్లుటోనియం దుమ్ములో పనిచేసేవాళ్లకు రోజూ పాలు పోస్తారు. పాలు తాగినవాడికి విషమెక్కదని పైవాళ్ల సిద్ధాంతం. ప్రొఖోర్ లుక్యానొవిచ్ ఏళ్ల తరబడి పాలు వదల్లేదు. దుమ్మూ ఆయన్ను వదల్లేదు. మొన్న శరదృతువులో మనిషి పాలిపోయి, చిగుళ్లనుంచి నెత్తురు కారడం మొదలైంది. అది లుకేమియా అనీ, మాస్కోలో వైద్యం ఉందనీ భార్య క్లావ్దియా చెవిన ఎవరో వేశారు.

ఆమె ఆయన్ను డాక్టరమ్మ ఇన్నా కజిమీరొవ్న దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆయన చొక్కాకున్న బిళ్ల చూసింది. బయటినుంచి ఒంటిమీద పడ్డ కిరణాలను అది పట్టిస్తుంది.

"బిళ్ల శుభ్రంగా ఉందమ్మా. మీ ఆయనకి నీరసం, అంతే."

"బిళ్ల చొక్కాకుందండీ. దుమ్ము ఊపిరితిత్తుల్లోంచి ఎముకల్లోకి దిగింది!"

"కనబడనిదాన్ని ఉందని ఎలా రాయనమ్మా? లోపల ఏమీ లేదు. మాస్కో అక్కర్లేదు."

పోనీ, మేమే వెళ్తామని పై అంతస్తులో భద్రతాధికారిని బతిమాలారు. ఊరు దాటాలంటే ఆయన అనుమతి కావాలి. ఆయన లేచి నిలబడి మరీ ఉపన్యసించాడు.

"కామ్రేడ్! మీ ఎముకల్లో ఉన్నది దుమ్ము కాదు, మాతృభూమి సొత్తు! ఒక్క రవ్వ గేటు దాటినా దేశద్రోహమే. మిమ్మల్ని కంటికి రెప్పలా కాపాడుకుంటాం!"

దిగుతూ ప్రొఖోర్ ఆయాసపడి మెట్లమీద కూలబడ్డాడు.

"కింద డాక్టరమ్మ దగ్గరికే పోదామే క్లావా. అక్కడైతే నేను ఆరోగ్యంగా ఉంటాను."

ఆమె నవ్వలేదు. అటుగా వెళ్తున్న నాకు ఏడుపొచ్చింది. భద్రతాశాఖ ముందు ఏడవడం బాగుండదని దగ్గాను.

మంచు పడకముందే ప్రొఖోర్ పోయాడు. కర్మాగారంవారు ఉదారంగా, కిరణాలు దాటకుండా సీసం తాపడం చేసిన శవపెట్టె, పూలదండ పంపారు. శ్మశానం గేటు దగ్గర డైరెక్టర్ పోయిన మనిషి ఉక్కు ఆరోగ్యాన్ని చాలాసేపు కొనియాడాడు. క్లావ్దియా మావైపు తిరిగింది.

"నలుగురు భుజం పట్టండయ్యా. లోపల ఏమీ లేదన్నారుగా!"

సరిగ్గా ఆ క్షణానే మా మగాళ్లందరికీ నడుం పట్టేసింది. నాకు కాస్త ముందే పట్టేసింది. అది ఉద్యోగంవల్ల వచ్చిన జబ్బేనని డాక్టరమ్మ, ఏ పరీక్షా లేకుండా, అక్కడికక్కడే ఒప్పుకుంది.